సేవ అనే మాటతో నా పేచీ

పోయిన నెల ఒక స్నేహితుడు ఇంటికొచ్చాడు. మెడికల్ కాలేజీలో న్యూరాలజీ చెప్తాడు, స్ట్రోక్ రోగుల్ని రోజూ చూస్తాడు. ఈ మధ్య ఏం చదువుతున్నావని అడిగాడు. పక్షవాతం వచ్చిన మొదటి మూడు రోజుల్లో నర్సులు చేసే పనుల మీద జరిగిన ట్రయల్స్ చదువుతున్నానన్నాను. "దానికి ట్రయల్స్ దేనికి? అది సేవ. సేవకి రుజువులేంటి?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. గౌరవంతోనే అన్నాడు, వాళ్లు లేకపోతే మా వార్డు ఒక్కరోజు నడవదని కూడా చేర్చాడు. ఎగతాళి అయితే అక్కడికక్కడే జవాబు చెప్పేసి మర్చిపోయేదాన్ని. గౌరవం కాబట్టే ఆ మాట నన్ను ఇంతకాలం పట్టుకుంది.

మందుని మనం "సేవ" అనం. దాన్ని పరీక్షిస్తాం. ఎంత డోసు, ఎవరికి, ఎప్పుడు, ఎంతమందిలో పనిచేసింది, ఎంతమందికి చెరుపు చేసింది అని లెక్కలు తీస్తాం. నర్సు చేసే పని దగ్గరికొచ్చేసరికి దండం పెట్టి పక్కకి తప్పుకుంటాం. దండం పెట్టినదాన్ని ఎవరూ కొలవరు. కొలవని పనికి మనుషుల్ని పెట్టరు, డబ్బు కేటాయించరు, ఆ పని జరగకపోతే ఎందుకు జరగలేదని అడగరు. స్ట్రోక్ విషయంలో ఈ అలవాటు మనుషుల కాళ్లూ చేతులూ తీసుకుంటోందని నా నమ్మకం. ఈ నమ్మకం నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మొదట వచ్చింది మా నాన్న మంచం పక్కన.

నాలుగేళ్ల కిందటి సంగతి. పొద్దున్నే నాన్న పళ్లు తోముకుంటుంటే బ్రష్ చేతిలోంచి జారింది. వంగి తీసుకోబోయి తీసుకోలేకపోయాడు. కుడివైపు మూతి జారిపోయింది. "ఏమైంది నాన్నా" అంటే ఏదో అన్నాడు, కానీ అది మాట కాదు. అమ్మ గోడ గడియారం చూసి "ఆరూ నలభై" అని గట్టిగా అంది. ఎందుకందో ఆమెకే తెలియదు. ఆస్పత్రిలో కనబడ్డ ప్రతివాళ్లూ మొదట అడిగింది అదే, చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు అని.

ఎమర్జెన్సీలో వాళ్లు చేసిన పనికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. స్ట్రెచర్ మీదే సీటీ స్కాన్ గదికి తీసుకెళ్లారు. వేలి నుంచి చుక్క తీసి షుగర్ చూశారు. తలలో రక్తస్రావం లేదని తేలగానే గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. పదో వంతు మందు ఒక్క నిమిషంలో ఎక్కించి, మిగతాది గంటసేపు. ఆస్పత్రి గుమ్మం దాటిన యాభై నిమిషాలకల్లా మందు నరంలోకి వెళ్తోంది. సాయంత్రానికి కుడిచేతి వేళ్లు కదిలాయి. అమ్మ ఆ వేళ్లని పట్టుకుని కూర్చుంది. గండం గడిచిందనుకున్నాం.

రాత్రి నాన్న నీళ్లు కావాలని సైగ చేశాడు. పొద్దుట్నుంచి గొంతు తడవలేదు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నేను గ్లాసు ఎత్తి నోటిదాకా తీసుకెళ్లాను. రాత్రి డ్యూటీ సిస్టర్ ఎక్కణ్నుంచి చూసిందో, నాలుగంగల్లో వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఆగండమ్మా, మింగే పరీక్ష ఇంకా చెయ్యలేదు." నాకు ఒళ్లు మండింది. దాహంతో ఉన్న మనిషికి నీళ్లివ్వడానికి పరీక్ష ఏమిటి?

ఆమె నాతో వాదించలేదు. మంచం తలవైపు ఎత్తి నాన్నని నిటారుగా కూర్చోబెట్టింది. నోరు తెరిపించి చూసింది, దగ్గమంది. చెంచాడు నీళ్లు నాలుక మీద పోసి, రెండు వేళ్లు గొంతు ముడి మీద ఆనించింది. మింగాడు. దగ్గలేదు. నేను "చూశారా" అనబోయాను. ఆమె నాన్నని "ఆ..." అనమంది. నాన్న గొంతులోంచి వచ్చిన ఆ శబ్దం అడుగున నీళ్లున్న కుండలోంచి వచ్చినట్టుంది. "గొంతు తడిగా పలికింది, విన్నారా? నీళ్లు ఇంకా అక్కడే ఉన్నాయి. కిందకి ఎటు పోతాయో మనకి తెలియదు," అంది. అప్పుడు నాకు తెలియనిది ఇప్పుడు తెలుసు. స్ట్రోక్ తర్వాత కొందరిలో నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగినా దగ్గు రాదు. పొలమారడం మనకి తెలిసిన ప్రమాద సంకేతం. ఆ సంకేతమే చచ్చుబడిపోతుంది. ఆ రాత్రి ముక్కులోంచి గొట్టం వేశారు.

ఈ కథ ఇక్కడితో ఆగి ఉంటే నేను కూడా ఆ సిస్టర్‌కి దండం పెట్టి సేవ అనేసేదాన్ని.

రెండో రోజు నాన్నని వేరే వార్డుకి మార్చారు. ఆ రాత్రి మత్తులో తనే గొట్టం పీకేసుకున్నాడు. పొద్దున డ్యూటీ మారింది. కొత్తగా వచ్చిన అమ్మాయి మాత్రలు పొడి చేసి, నీళ్లలో కలిపి నోట్లో పోసింది. మింగే పరీక్షలో తప్పాడని మంచం దగ్గర ఎక్కడా రాసి లేదు. నేను పక్కనే ఉన్నాను. నాకు తెలుసు. వాళ్లకి తెలియకుండా ఉంటుందా అని నోరు మూసుకున్నాను. ఆ సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది, మర్నాడు ఎక్స్‌రేలో న్యుమోనియా కనబడింది. పదకొండు రోజులు. ఇంజెక్షన్ ఇచ్చిన సాయంత్రం కదిలిన వేళ్లు, ఆ పదకొండు రోజుల తర్వాత మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ మాత్రలే కారణమని నేను రుజువు చెయ్యలేను, స్ట్రోక్ రోగులకి న్యుమోనియా మరో దారిలోనూ వస్తుంది. ఆ అమ్మాయి మీద నాకు కోపం కూడా లేదు. ఆ పూట ఆమె ఒక్కతీ ఎంతమందిని చూసిందో నేను కళ్లారా చూశాను. కానీ ఒక వార్డులో ప్రాణం కాపాడిన పని, ఇంకో వార్డులో ఎవరికీ గుర్తుకు రాకపోవడం ఎలా సాధ్యమైంది? ఒకచోట మంచి సిస్టర్ ఉంది, ఇంకోచోట లేదు అనడం తేలిక. గడ్డ కరిగించే ఇంజెక్షన్ గురించి మాత్రం ఎవరూ అలా మాట్లాడరు.

మూడు పనులు

ఆ తర్వాత చాలాకాలానికి నా చేతికొచ్చింది 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక ఆస్ట్రేలియా ట్రయల్. శాండీ మిడిల్టన్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ నడిపించారు. న్యూ సౌత్ వేల్స్‌లోని 19 స్ట్రోక్ యూనిట్లని చీటీ వేసినట్టు రెండు భాగాలు చేశారు. ఒక భాగంలో నర్సులకి మూడు పనులు ఒక పద్ధతిగా అప్పజెప్పారు. మొదటి మూడు రోజులు నాలుగు గంటలకోసారి ఒంటి వేడి చూడాలి, 37.5 డిగ్రీలు తాకితే పారాసెటమాల్ ఇవ్వాలి. షుగర్ క్రమం తప్పకుండా చూడాలి, హద్దు దాటితే ఇన్సులిన్. మింగే పరీక్ష ఒక రోజులోగా అవ్వాలి, అది అయ్యేదాకా నీళ్లు, తిండి, మాత్రలు ఏవీ నోటి ద్వారా వెళ్లకూడదు. అంతే. కొత్త మందు ఒక్కటి లేదు, కొత్త యంత్రం ఒక్కటి లేదు. రెండో భాగానికి అప్పటికి అమల్లో ఉన్న మార్గదర్శకాల కాగితాలు మాత్రం ఇచ్చారు.

మూడు నెలల తర్వాత చూస్తే, మామూలు పద్ధతిలో నడిచిన యూనిట్లలో చనిపోయినవాళ్లూ ఇంకొకరి మీద ఆధారపడి బతుకుతున్నవాళ్లూ కలిపి 58 శాతం. మూడు పనులు చేసిన యూనిట్లలో 42 శాతం. చనిపోయినవాళ్ల సంఖ్యలో అప్పటికి పెద్ద తేడా లేదు. ఏళ్ల తర్వాత అదే రోగుల సంగతి మళ్లీ చూస్తే, బతికున్నవాళ్లు కూడా ఈ వైపే ఎక్కువని తేలింది.

ఈ అంకె చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గడ్డ కరిగించే మందుకి పునాది వేసిన 1995 నాటి అమెరికా ట్రయల్‌లో 624 మంది రోగులున్నారు. మూడు గంటల్లోపు మందు తీసుకున్నవాళ్లలో ఏ లోపమూ లేకుండానో, నామమాత్రపు లోపంతోనో బయటపడినవాళ్లు నూటికి పదకొండు నుంచి పదముగ్గురు ఎక్కువ. దానికి మూల్యం కూడా ఉంది. తలలో ప్రమాదకరమైన రక్తస్రావం మందు లేనివాళ్లలో 0.6 శాతం, మందు తీసుకున్నవాళ్లలో 6.4 శాతం. ఆ మందు వైద్యాన్ని మార్చేసింది, మార్చాల్సిందే. కానీ థర్మామీటరూ, చెంచాడు నీళ్లూ, వేలి మీద సూదిపోటూ దాని పక్కన నిలబడగలిగే అంకె ఇచ్చాయంటే, దాన్ని ఇంకా "సేవ" అనే అరలో ఎందుకు పెట్టాం?

అంత నమ్మొచ్చా

ఇక్కడ నా ఉత్సాహాన్ని నేనే ఆపుకోవాల్సి వచ్చింది. ఆ రెండు ట్రయల్స్‌నీ పక్కపక్కన పెట్టి కొలవడం న్యాయం కాదు. రోగులు వేరు, కాలం వేరు, లెక్కించిన ఫలితం వేరు. ఒకచోట ఒక్కో రోగినీ విడిగా చీటీ వేసి మందుకో, మందు లేని ఉత్త ఇంజెక్షన్‌కో కేటాయించారు. ఇంకోచోట యూనిట్లకి యూనిట్లనే విభజించారు, అక్కడి నర్సులకి తాము ఏం చేస్తున్నారో తెలుసు.

అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టింది ఆ పేపర్ లోపలి పట్టికలు. మొదటి మూడు రోజుల సగటు ఒంటి వేడి ఒకవైపు 36.5 డిగ్రీలు, ఇంకోవైపు 36.6. తేడా ఒక్క పదో వంతు. సగటు షుగర్‌లో తేడా కూడా అంతే స్వల్పం. నీళ్లో తిండో ఊపిరితిత్తుల్లోకి దిగడం వల్ల వచ్చే న్యుమోనియా ఒకవైపు 2 శాతం, ఇంకోవైపు 3 శాతం, అంటే లెక్కకి తేడా లేనట్టే. స్పష్టంగా పెరిగింది మింగే పరీక్ష సకాలంలో జరగడం, 7 శాతం నుంచి 46 శాతానికి. అది కూడా సగానికి తక్కువే. మరి వేడి పెద్దగా మారక, షుగర్ పెద్దగా మారక, న్యుమోనియా తగ్గక, నూటికి పదహారు మంది ఎలా బాగుపడ్డారు?

మూడు పనుల్నీ విడదీసి పరీక్షించినవాళ్లకి నిరాశే మిగిలింది. షుగర్‌ని ఇన్సులిన్‌తో బాగా బిగించి ఉంచితే మేలా అని అమెరికాలో 1,151 మంది మీద చేసిన ట్రయల్ 2019లో వెలువడింది. మేలు లేదు. పైగా బిగించినవాళ్లలో 2.6 శాతం మందికి షుగర్ ప్రమాదకరంగా పడిపోయింది. న్యుమోనియా రాకముందే యాంటీబయాటిక్ ఇస్తే ఆపగలమా అని 2015లో రెండు యూరప్ ట్రయల్స్ చూశాయి. ఆపలేదు. జ్వరం రాకముందే పారాసెటమాల్ ఇవ్వడం కూడా తర్వాతి యూరప్ ట్రయల్‌లో ఏమీ సాధించలేదు. మిడిల్టన్ బృందమే ఇదే పద్ధతిని ఎమర్జెన్సీ విభాగాలకి విస్తరించి, 26 ఆస్పత్రుల్లో పరీక్షించి 2019లో ప్రచురించింది. మూడు నెలల తర్వాతి ఫలితంలో తేడా కనబడలేదు.

నా వాదనకి ఇది పెద్ద దెబ్బే. కొన్ని వారాలు ఈ వ్యాసం రాయడం మానేశాను కూడా.

మళ్లీ ఎందుకు మొదలుపెట్టానంటే, ఆ విఫలమైన ట్రయల్స్‌ని ఇంకోసారి చదివినప్పుడు ఒకటి తట్టింది. వాటిలో చాలావాటిలో పరీక్షించింది మందుని. ముందుజాగ్రత్తగా అందరికీ పారాసెటమాల్, అందరికీ యాంటీబయాటిక్, షుగర్ ఎక్కువున్నవాళ్లందరికీ గట్టి ఇన్సులిన్. ఆస్ట్రేలియాలో చేసింది అది కాదు. నాలుగు గంటలకోసారి ఒక మనిషి మంచం దగ్గరికి వెళ్లి, చూసి, తాకి, రాసి, హద్దు దాటితే డాక్టర్ కోసం ఎదురుచూడకుండా చెయ్యాల్సింది చెయ్యడం. థర్మామీటర్ పట్టుకుని వెళ్లిన మనిషి వేడి ఒక్కటే చూసి రాదు. మూతి ఇంకా జారిందా, నిన్నటికంటే మగతగా ఉన్నాడా, పక్క తడిసిందా, చెయ్యి ఒంటికింద నలుగుతోందా, అన్నీ చూస్తుంది. ఇది రుజువైన విషయం కాదు, నా ఊహ. కానీ సగటు వేడి మారకుండానే మనుషులు బాగుపడ్డారంటే, పని చేసింది పారాసెటమాల్ కాదు, అది పట్టుకొచ్చిన మనిషి అని అనుకోవడానికి చోటుంది. ఎమర్జెన్సీలో అదే పద్ధతి ఎందుకు పారలేదన్నదానికీ ఇది కొంత జవాబు అవుతుందేమో. అక్కడ రోగి ఉండేది కొన్ని గంటలు, ఒకే కళ్లు అతన్ని మూడు రోజులు చూడవు.

2023లో వచ్చిన మరో ట్రయల్ నా ఊహకి కొంత బలమిచ్చింది. తలలో రక్తస్రావమైన 7 వేలమందికి పైగా రోగుల మీద, 10 దేశాల్లో జరిగింది. వాటిలో ఒక్కటి తప్ప మిగతావేవీ సంపన్న దేశాలు కావు. గంటలోపు బీపీ దించడం, షుగర్, ఒంటి వేడి, రక్తం పల్చబరిచే మందులకి విరుగుడు, ఈ నాలుగింటినీ ఒకే కట్టగా చేశారు. ఆరు నెలల తర్వాత ఫలితం మెరుగైంది. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ అద్భుతం కాదు. కట్టగా చేసినప్పుడు ఏదో జరుగుతోంది.

మంచి మనసుతో చేసిన తప్పు

సేవకి రుజువులెందుకన్న మాటకి నా దగ్గరున్న గట్టి జవాబు మాత్రం విజయాల్లో లేదు, తప్పుల్లో ఉంది.

రెండో రోజు నేను డాక్టర్లతో ఒకటే పోరు పెట్టాను, నాన్నని లేపి నడిపించమని. మంచం మీదే ఉంటే కాళ్లు పడిపోతాయని నా భయం. ఎంత తొందరగా, ఎన్నిసార్లు లేపితే అంత మంచిదని ఎవరిని అడిగినా చెప్తారు. చాలా స్ట్రోక్ యూనిట్లు నమ్మిందీ అదే. జూలీ బెర్న్‌హార్ట్ అనే ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు దాన్ని నమ్మి ఊరుకోకుండా పరీక్షకి పెట్టారు. ఐదు దేశాల్లో 2,104 మంది రోగులు. మొదటి 24 గంటల్లోనే లేపి, రోజుకి ఎక్కువసార్లు నడిపించినవాళ్లలో బాగా కోలుకున్నవాళ్లు 46 శాతం. మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లలో 50 శాతం. అంటే ఎక్కువ శ్రద్ధ పెట్టినచోట ఫలితం తగ్గింది. మామూలు పద్ధతిలోవాళ్లనీ ఒక రోజు అటూ ఇటూగా లేపారు, కాబట్టి పడుకోబెట్టేయమని దీని అర్థం కాదు. మొదటి రోజు పోరుపెట్టి మాటిమాటికీ నడిపించొద్దని. నా ప్రేమ గెలిచి ఉంటే నాన్నకి నష్టమే జరిగి ఉండేదేమో.

మేజోళ్ల కథ కూడా ఇలాంటిదే. కదలని కాళ్లలో రక్తం గడ్డకడుతుందని, తొడదాకా వచ్చే బిగుతు మేజోళ్లు స్ట్రోక్ వార్డుల్లో ఏళ్ల తరబడి తొడిగారు. రోగి నొప్పి అన్నా, వేడి అన్నా, నీ మంచికే అని తొడిగారు. ఎడిన్‌బరోకి చెందిన మార్టిన్ డెన్నిస్ బృందం 2009లో లెక్క తేల్చింది. గడ్డలు 10.0 శాతం, మేజోళ్లు లేకపోతే 10.5. తేడా లేదు. చర్మం ఒరుసుకుపోయి పుళ్లు పడినవాళ్లు మాత్రం ఒక శాతం నుంచి ఐదు శాతానికి పెరిగారు. అదే బృందం 2013లో, గాలి నింపుకుని వదులుతూ కాళ్లని నొక్కే పట్టీల్ని పరీక్షిస్తే గడ్డలు 12.1 నుంచి 8.5 శాతానికి తగ్గాయి. రెండూ కాళ్లకి తొడిగేవే. ఏది పనిచేస్తుందో మనసుకి తెలియదు, లెక్కకి తెలుస్తుంది.

తల పడక మీద చదునుగా ఉంచాలా, ఎత్తుగా ఉంచాలా అన్నది కూడా నర్సుల మధ్య పాత తగాదా. 11 వేలమందికి పైగా రోగుల మీద చేసిన 2017 ట్రయల్‌లో ఏ తేడా కనబడలేదు. ఈ జవాబుని నేను చాలా విలువైనదనుకుంటాను. ఏది చేసినా ఒకటేనని తేలితే, దాని మీద పెట్టే ఓపిక ఇంకో పని మీద పెట్టొచ్చు.

ఇవన్నీ చదివాక నా స్నేహితుడి మాట నాకు ప్రమాదకరంగా వినబడసాగింది. సేవ అన్నాక అది తప్పు కావడానికి వీల్లేదు. మందు తప్పు కావచ్చు, ఆపరేషన్ తప్పు కావచ్చు. సేవ ఎప్పుడూ ఒప్పే. అందుకే అది రోగిని పుళ్లు పడేదాకా ఒరుసుకుపోయినా మనకి కనబడదు.

36 సార్లు

గడ్డ కరిగించే మందు ఇచ్చాక 24 గంటలు బీపీ 180/105 దాటకూడదు. మొదటి రెండు గంటలు పావుగంటకోసారి చూడాలి, తర్వాత ఆరు గంటలు అరగంటకోసారి, మిగతా పదహారు గంటలు గంటకోసారి. కూడితే 36 సార్లు. ప్రతిసారీ బీపీతో పాటు మాట, చూపు, చెయ్యి, కాలు. తలనొప్పి కొత్తగా మొదలైందా, వాంతి వస్తోందా. ఇంజెక్షన్ రాసిన డాక్టర్ పేరు కేసు షీట్ మీద ఉంటుంది. ఈ 36 సార్లలో ఒకసారి బీపీ పెరగడం పట్టుకుని రక్తస్రావం తప్పించిన మనిషి పేరు ఎక్కడా ఉండదు, ఎందుకంటే జరగనిదాన్ని ఎవరూ రాయరు.

ఇంగ్లండ్‌లో 103 స్ట్రోక్ యూనిట్లలో చేరిన 56 వేలమందికి పైగా రోగుల లెక్కలు 2014లో వచ్చాయి. శని ఆదివారాల్లో చేరినవాళ్లకి ముప్పు ఎక్కువెందుకని వెతికారు. స్పెషలిస్టు డాక్టర్లు వారంలో ఏడు రోజులూ రౌండ్లకి వచ్చినచోట, రానిచోట మరణాల్లో తేడా దొరకలేదు. నర్సుల సంఖ్యతో దొరికింది. ఆ రెండు రోజుల్లో పది పడకలకి ముగ్గురు నర్సులున్నచోట చేరినవాళ్లలో నెల రోజుల్లో చనిపోయే అంచనా 11.2 శాతం, ఒకటిన్నర మంది ఉన్నచోట 15.2 శాతం. పాతిక మంది చేరితే ఒక ప్రాణం తేడా. ఇది ట్రయల్ కాదు, లెక్కల పరిశీలన. నర్సులు ఎక్కువున్న ఆస్పత్రిలో మిగతావి కూడా మెరుగ్గా ఉండి ఉండొచ్చు. ఆ అనుమానం ఉంచుకునే చెప్తున్నాను, ఇదే అంకె ఒక మాత్రకి వచ్చి ఉంటే అన్ని ఆస్పత్రులూ మర్నాడే తెప్పించుకునేవి.

నర్సులు చాలనిచోట ఇంటివాళ్లు చెయ్యకూడదా అనేవాళ్లుంటారు. చేస్తూనే ఉన్నాం, నేనూ చేశాను. భారతదేశంలో 14 ఆస్పత్రుల్లో, 1,250 మంది రోగులతో, కుటుంబ సభ్యులకి శిక్షణ ఇచ్చి ఇంట్లో వ్యాయామాలు చేయించే పద్ధతిని పరీక్షించారు, 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలల తర్వాత రెండువైపులా చనిపోయినవాళ్లూ ఆధారపడ్డవాళ్లూ 47 శాతమే. అది కోలుకునే దశ గురించి, మొదటి మూడు రోజుల గురించి కాదు. అయినా ప్రేమ ఉన్నంత మాత్రాన నైపుణ్యం లోటు తీరదని నాకు అర్థమైంది. గ్లాసు పట్టుకున్న నా చేతిలో ప్రేమకి లోటు లేదు.

గడి నింపడం

ఈ వాదన వినిపించినప్పుడు నన్ను నిజంగా ఆలోచనలో పడేసింది డాక్టర్లు కాదు, ఇరవై ఏళ్లుగా నర్సుగా చేస్తున్న మా పక్కింటావిడ. "మీరు కొలవమంటారు. కొలిస్తే మాకు ఇంకో కాగితం వస్తుంది. ఇప్పటికే సగం డ్యూటీ రాయడానికే పోతోంది. మింగే పరీక్ష చేసినా చెయ్యకపోయినా గడిలో టిక్కు పడుతుంది," అంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కొలత మొదలయ్యాక మనుషులు పనికి బదులు కొలతకి పనిచెయ్యడం నేను చాలాచోట్ల చూశాను. రాసిన కాగితాలు పెరిగి, రోగి చెయ్యి పట్టుకునే రెండు నిమిషాలు పోతే, నేను కోరుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం జరిగినట్టే.

కానీ ఆమె మాటలోనే ఇంకో సంగతి ఉంది. కాగితం భారం అవుతోంది, ఎందుకంటే మనుషుల్ని పెంచకుండా కాగితాన్ని పెంచారు. ఫిన్లాండ్‌లోని హెల్సింకి ఆస్పత్రిలో గుమ్మం నుంచి ఇంజెక్షన్ దాకా పట్టే సమయాన్ని 1998లో ఉన్న 105 నిమిషాల నుంచి 2011 నాటికి 20 నిమిషాలకి తెచ్చారు. పన్నెండు మార్పులు చేశారు. అంబులెన్సువాళ్లు దారిలోనే ఫోన్ చెయ్యడం, రోగిని మంచం మీదకి మార్చకుండా నేరుగా స్కానర్ దగ్గరికి తీసుకెళ్లడం, మందు అక్కడే ఇవ్వడం లాంటివి. వాళ్లు కూడా కొలిచారు. కానీ కొలిచి, ఏది అడ్డుగా ఉందో చూసి, దాన్ని తీసేశారు. నిమిషాలు ఎక్కువయ్యాయని నర్సుని నిలదీసి ఊరుకోలేదు. మందు విషయంలో ఇంత శ్రద్ధగా చేసిన పని, మింగే పరీక్ష విషయంలో ఎందుకు చెయ్యకూడదు? నాన్న వార్డు మారినప్పుడు తనతో పాటు రావాల్సింది ఒక్క వాక్యం. ఆ వాక్యం ఎక్కడ రాలిపోయిందో వెతకడం ఎవరి పనీ కాలేదు.

ఆ రోజు స్నేహితుడు వెళ్లిపోయేముందు నేను అడిగాను. "మీ దగ్గర గుమ్మం నుంచి ఇంజెక్షన్ దాకా ఎన్ని నిమిషాలు?" "నలభై రెండు," ఠక్కున చెప్పాడు, గర్వంగా. గర్వపడాల్సిన అంకె. "గుమ్మం నుంచి మింగే పరీక్ష దాకా?" ఆగాడు. చెప్పులు వేసుకుంటూ, "కనుక్కుని చెప్తా," అన్నాడు.

నాలుగు రోజుల తర్వాత రాత్రి ఫోన్ చేశాడు. వార్డులో అడిగాడట. చాలామందికి చేస్తున్నామన్నారట సిస్టర్లు. ఎప్పుడు చేశారో చూద్దామని ముప్పై కేసు షీట్లు తెప్పించి కూర్చున్నాడట. "టైమ్ ఎక్కడా దొరకలేదు," అన్నాడు. "రాయడానికి అసలు గడే లేదు."